దీపావళికి నానబెట్టి, ఉగాదికి మొలిపించండి: మంచునేలలో సస్కటూన్ పండ్ల పెంపకం

మన ఊళ్ళలో విత్తనం వాన కోసం ఎదురుచూస్తుంది. తొలకరి పడి నేల పదునెక్కితే మొలుస్తుంది. కెనడా మధ్యప్రాంతపు మైదానాల్లో పుట్టిన పండ్ల గింజలు ఎదురుచూసేది చలి కోసం. నెలల తరబడి తడి చలి తగిలితే తప్ప ఆ గింజ కన్ను తెరవదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది ఒకటి రెండు ప్రయత్నాలతో విసిగిపోయి, నర్సరీలో మొక్క కొనుక్కోవడమే నయమనుకుంటారు. నేనూ మొదటి ఏడాది వంగ, మిరప విత్తనాల్లాగే ఈ గింజల్ని కడిగి, కాగితం మీద ఎండలో ఆరబోసి, సీసాలో దాచి, మే నెలలో నాటాను. ఆగస్టు దాకా రోజూ నీళ్ళు పోశాను. ఒక్కటీ రాలేదు. ఆ కుండీని పెరటి మూలకు నెట్టేశాను. మరుసటి వసంతంలో మంచు కరిగాక చూస్తే అందులో ఏడు మొలకలు నిలబడి ఉన్నాయి. చలికాలం తన పని తాను చేసింది.

ఈ వ్యాసం సస్కటూన్ పండు గురించి. కెనడాలోని సస్కాచెవాన్, ఆల్బర్టా, మానిటోబా రాష్ట్రాల్లోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ అడవిగా పెరిగే పొద ఇది. కొన్నిచోట్ల సర్వీస్‌బెర్రీ అనీ, జూన్‌బెర్రీ అనీ పిలుస్తారు. శాస్త్రీయ నామం అమెలాంకియర్ ఆల్నిఫోలియా. అక్కడి ఆదివాసులైన క్రీ జాతి ప్రజలు దీన్ని మిసాస్క్వతోమిన అంటారు. సస్కటూన్ నగరానికి పేరు వచ్చింది ఈ పండు నుంచే. అడవిదున్న మాంసాన్ని ఎండబెట్టి దంచి, కొవ్వుతో, ఈ పండ్లతో కలిపి పెమ్మికన్ అనే నిల్వ ఆహారం చేసుకునేవారు. నెలల తరబడి ప్రయాణాల్లో అదే తిండి. అంత చరిత్ర ఉన్న పండు దుకాణాల్లో మాత్రం అరుదు. కోశాక ఎక్కువ రోజులు నిలవదు, చెట్టు మీదే తినాల్సిన పండు. అందుకే ఇంట్లో పెంచుకోవడంలో అర్థం ఉంది. సున్నాకు 40 డిగ్రీల దిగువ చలిని కూడా తట్టుకుని నిలిచే పొద కాబట్టి మీరు ఎంత చలి ప్రాంతంలో ఉన్నా భయం లేదు.

మొత్తం పనిని మన పండుగలతో గుర్తుపెట్టుకోవడం నాకు తేలికయింది. దీపావళి నుంచి ఉగాదికి సరిగ్గా ఐదు చాంద్రమాన మాసాలు, అంటే దాదాపు 150 రోజులు. సస్కటూన్ గింజకు కావలసిన చలి నాలుగు నుంచి ఐదు నెలలు. లెక్క సరిపోతుంది.

జులై: పండు, గింజ

సస్కటూన్ పండ్లు జులైలో పక్వానికి వస్తాయి. మొదట ఎరుపు, తరువాత ఊదా, చివరికి నేరేడు రంగు. విత్తనం కోసమైతే బాగా ముదిరిన నేరేడు రంగు పండ్లే కోయండి. ఎర్రటివాటిలో గింజ ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది.

కోసే ముందు పండును తిప్పి చూడండి. జామకాయ అడుగున ఎండిపోయిన పువ్వు తాలూకు చిన్న కిరీటం ఉంటుంది కదా, అచ్చం అలాంటిదే సస్కటూన్ పండు కొసన అయిదు మొనలతో ఉంటుంది. ఇది ఆపిల్ కుటుంబపు పండు. కిరీటం లేకుండా నున్నగా ఉండి, లోపల ఒకే ఒక్క గట్టి టెంక ఉంటే అది చోక్‌చెర్రీ. దాని గుజ్జు తినవచ్చు గానీ టెంకలో సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది, నలగకూడదు. ఇవి రెండూ కాక బేన్‌బెర్రీ అనే విషపు పండు కూడా ఇవే అడవుల్లో ఉంటుంది. అది పొద కాదు, నేలకు దగ్గరగా పెరిగే మెత్తని మొక్క, నిగనిగలాడే ఎర్రటి లేదా తెల్లటి పండ్లు. బక్‌థార్న్ అనే ముళ్ళ పొద పండ్లు నల్లగా ఉండి కొత్తవారిని మోసం చేస్తాయి, తింటే వాంతులు, విరేచనాలు. కిరీటం కనిపించకపోతే కోయకండి. అనుమానం ఉంటే స్థానికంగా ఆ మొక్కలు తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. నగర ఉద్యానాల్లో, సంరక్షిత ప్రాంతాల్లో కోయడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఒక పొద నుంచి గుప్పెడుకు మించి తీసుకోకండి. మిగిలినవి పక్షులవి.

గుప్పెడు పండ్లు చాలు. ఒక్కో పండులో నాలుగు నుంచి పది దాకా గింజలుంటాయి, వాటిలో కొన్ని తాలు. పండ్లను గిన్నెలో వేసి నీళ్ళు పోసి వేళ్ళతో పిసకండి. కొందరు మిక్సీలో వేస్తారు. వేస్తే బ్లేడుకు మందపాటి టేపు చుట్టి, రెండు మూడు సార్లు ఒక్క క్షణం తిప్పి ఆపాలి. చేతితో పిసకడమే మేలని నా అభిప్రాయం. గింజ పైపొర మెత్తగా, సన్నగా ఉంటుంది, తేలిగ్గా దెబ్బతింటుంది.

ఇప్పుడు గిన్నెను కాసేపు కదపకుండా ఉంచండి. గుజ్జు, తొక్కలు, తాలు గింజలు పైకి తేలతాయి. గట్టి గింజలు అడుగున చేరతాయి. పైనున్న నీళ్ళను మెల్లగా వంచేసి, మళ్ళీ పోసి, మళ్ళీ వంచండి. బియ్యం కడిగినట్టే. అయిదారు సార్లు చేస్తే అడుగున ముదురు గోధుమ రంగులో, ఆపిల్ గింజను బాగా కుదించినట్టుండే చిన్న గింజలు మిగులుతాయి. ఒక కొస గుండ్రం, మరో కొస కొద్దిగా వంకర తిరిగిన మొన. వాటిని టీ వడపోతలో పోసి కుళాయి కింద మరోసారి కడగండి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది, పైగా గుజ్జులోని పదార్థాలు మొలకను ఆపుతాయి. ఇక్కడ తొందరపడకండి.

కడిగిన గింజను ఎండలో పెట్టవద్దు. నేరేడు గింజ ఎండితే చచ్చిపోతుంది. సస్కటూన్ గింజ చావదు గానీ ఎండేకొద్దీ నిద్ర గట్టిపడుతుంది. నీడలో ఒక రోజు ఆరనిచ్చి, చేతికి అంటుకోని స్థితికి రాగానే కాగితపు కవరులో వేసి, చల్లటి చీకటి అలమరలో పెట్టండి. పెరడు ఉన్నవారు దీపావళి దాకా ఆగనక్కర లేదు. ఆగస్టు, సెప్టెంబరులోనే కుండీలో విత్తి బయట వదిలేయవచ్చు. ఆ పద్ధతి కింద చెబుతాను.

దీపావళి: ఫ్రిజ్‌లో చలికాలం

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఈ పద్ధతే సరైనది. గింజల్ని గది వేడిలోని నీళ్ళలో 24 గంటలు నానబెట్టండి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి. మరోపక్క శుభ్రమైన ఇసుక గానీ, పీట్ మాస్ (చిత్తడి నేలల్లో దొరికే ఎండు నాచు పొట్టు) గానీ, కొబ్బరి పొట్టు గానీ తడిపి పెట్టుకోండి. నేను ఇసుక, పీట్ మాస్ సగం సగం కలుపుతాను. ఇసుక ఒక్కటే అయితే త్వరగా ఆరిపోతుంది, పీట్ ఒక్కటే అయితే చిన్న గింజ అందులో కనిపించదు.

తడి ఎంత ఉండాలన్నదే అసలు కిటుకు. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే నీటి చుక్క రాకూడదు. గుప్పిట విప్పితే ముద్ద విడిపోకూడదు. సున్నుండలు కట్టే పదును అనుకోండి. ఇంతకంటే తడిగా ఉంటే గింజలకు గాలి అందక కుళ్ళిపోతాయి. ఇంతకంటే పొడిగా ఉంటే చలి లెక్కకు రాదు. పొడి గింజ ఫ్రిజ్‌లో ఏడాది ఉన్నా నిద్ర లేవదు, నీరు తాగిన గింజలోనే చలి పని చేస్తుంది.

గింజలకు మూడింతల మిశ్రమం కలిపి జిప్ కవరులో పోయండి. కవరు మీద పేరు, తేదీ రాయండి. ఐదు నెలల తరువాత ఏ కవరులో ఏముందో ఎవరికీ గుర్తుండదు, ఇంట్లోవాళ్ళు మట్టి అనుకుని పారేసే ప్రమాదమూ ఉంది. కవరు నోరు పూర్తిగా మూయకుండా ఒక మూల కొద్దిగా తెరిచి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. అక్కడ 1 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చిన్న ఉష్ణమాపకాన్ని ఆ అరలో ఒక రోజు ఉంచి చూసుకోండి. కొన్ని ఫ్రిజ్‌లలో ఆ అర 8 డిగ్రీలు కూడా ఉంటుంది.

ఐసు గడ్డ కట్టే పై అరలో మాత్రం పెట్టవద్దు. చలి ఎంత ఎక్కువైతే అంత త్వరగా నిద్ర లేస్తుందని అనుకోవడం సహజం. అలా జరగదు. గింజ లోపల మొలకను ఆపే పదార్థాలు తగ్గి, మొలకను పెంచే పదార్థాలు పుట్టే ప్రక్రియ సున్నాకు కాస్త పైనే సాగుతుంది. గడ్డ కట్టిన గింజలో అన్నీ ఆగిపోతాయి. బయట మంచు కింద నేల కూడా పైన గాలి ఉన్నంత చల్లగా ఉండదు. మంచు దుప్పటిలా కప్పి ఉంచుతుంది.

రెండు వారాలకోసారి కవరు తీసి వెలుతురులో పట్టి చూడండి. పొడిబారితే స్ప్రే బాటిల్‌తో రెండు చిమ్ములు చాలు. తెల్లటి, బూడిద రంగు బూజు కనిపిస్తే గింజల్ని వడపోతలో కడిగి, కొత్త మిశ్రమంలో వేయండి. బూజు పట్టిందంటే గింజలన్నీ పోయాయని కాదు. తాలు గింజల మీదే అది ముందుగా పుడుతుంది. వేలితో నొక్కితే మెత్తగా అణిగిపోయేవాటిని తీసి పారేయండి, గట్టిగా ఉన్నవి మళ్ళీ లోపలికి.

భోగి వచ్చేసరికి, అంటే రెండున్నర నెలలు దాటేసరికి, వారానికోసారి చూడటం మొదలుపెట్టండి. సస్కటూన్ గింజలు కొన్ని ఫ్రిజ్ చలిలోనే మొలకెత్తేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు అది బూజేమో అనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే గింజ మొనను చీల్చుకుని, బియ్యపు నూకంత పొడవున, తెల్లటి కొస బయటికి వచ్చి కిందికి వంగి ఉంది. కొసకు కాస్త వెనకగా, కంటికి ఆనీ ఆనని నూగు. బూజుకు దారాలు నలుదిక్కులా పాకుతాయి. వేరుకు దారి ఒక్కటే. అలాంటివి కనిపించగానే వాటిని ఏరి విత్తండి. ఆలస్యమైతే వేర్లు ఒకదానితో ఒకటి చిక్కుపడి, విడదీసేటప్పుడు తెగిపోతాయి. పటకారుతో వేరును పట్టుకోవద్దు, గింజ పొట్టను పట్టుకోండి. తడిపిన పుల్లతో ఎత్తితే ఇంకా మంచిది.

బయట వదిలేసే పద్ధతి

పెరడు ఉన్నవారికి ఇది తేలిక, నా లెక్కలో మెరుగు కూడా. 15 సెంటీమీటర్ల లోతున్న కుండీకి అడుగున రంధ్రాలుండాలి. మట్టి మిశ్రమం నింపి, గింజల్ని సెంటీమీటరు దూరంలో చల్లి, పైన అర సెంటీమీటరు ముతక ఇసుక పరచండి. ఇసుక వల్ల వాన దెబ్బకు గింజలు చెదరవు, నాచు పట్టదు. ఒకసారి బాగా తడపండి. కుండీని ఇంటికి ఉత్తరం వైపు నీడలో, అంచు దాకా నేలలో పాతేయండి. శీతాకాలపు ఎండ తగిలే చోట పెడితే మంచు కరగడం, గడ్డకట్టడం పదే పదే జరిగి గింజలు పైకి ఎగదన్నుకుంటాయి.

పైన సన్న రంధ్రాల ఇనుప జాలీ కట్టి తీరాలి. ఎలుకలు, ఉడుతలు ఒక్క రాత్రిలో కుండీ మొత్తం ఖాళీ చేస్తాయి. ఇక ఏప్రిల్ చివర దాకా మీకు పనిలేదు. మంచు కరిగాక జాలీ తీయకుండానే మట్టి తడి ఆరకుండా చూసుకోండి. మొలకలు మే మొదట్లో వస్తాయి. ఫ్రిజ్ మొలకలకంటే నెలన్నర వెనకబడినా, బయటి చలికి, గాలికి పుట్టుకతోనే అలవాటుపడిన గట్టి మొక్కలు ఇవి.

మొదటి వసంతంలో కొన్నే వచ్చాయని కుండీని పారబోయకండి. మిగిలిన గింజల్లో కొన్ని రెండో చలికాలం గడిచాకే వస్తాయి.

ఉగాది: విత్తడం, నారు

ఫ్రిజ్‌లో పెట్టినవాటిలో ఇంకా మొలకెత్తనివి ఉన్నా ఉగాది నాటికి విత్తేయండి. మట్టి మిశ్రమానికి రెండు పాళ్ళు పీట్ మాస్ లేదా కొబ్బరి పొట్టు, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు), ఒక పాలు జల్లించిన కంపోస్టు. ప్రోట్రేలో (నారు పోసే గుంటల పళ్ళెంలో) గుంటకు రెండు గింజలు, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతు. మొలకెత్తిన గింజ అయితే వేరు కొస కిందికి ఉండేలా పుల్లతో చిన్న గుంట చేసి దింపండి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మిరప, టమాటా నారుకు అలవాటుపడి ట్రే కింద వేడి చాప వేస్తారు. సస్కటూన్‌కు అది పనికిరాదు. ఇంకా మొలవని గింజకు ఒక్కసారిగా వేడి తగిలితే చలికాలం రానేలేదన్నట్టు మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. మొదటి రెండు వారాలు 10 నుంచి 15 డిగ్రీలుండే చల్లటి గది, బేస్‌మెంటు, లేదా చలి తగిలే కిటికీ పక్కన ఉంచండి. మొలకలు పైకి వచ్చాక 18 డిగ్రీల గదిలోకి మార్చవచ్చు.

మార్చి నెలలో కిటికీ వెలుతురు సరిపోదు. మొలకలు వెలుతురు కోసం సాగి, దారాల్లా పడిపోతాయి. మామూలు తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైటును మొలకల పైన జానెడు ఎత్తులో కట్టి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. నీళ్ళు పైనుంచి పోయకండి. ట్రేను నీళ్ళున్న పళ్ళెంలో అరగంట ఉంచి తీసేయండి. మొలకల మొదలు దగ్గర ఎప్పుడూ తడిగా ఉంటే నారుకుళ్ళు తెగులు వస్తుంది. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక ఉదయానికి మొదట్లో నల్లగా నలిగిపోయి పక్కకు ఒరిగి ఉంటుంది. వచ్చాక మందు లేదు, రాకుండా చూసుకోవడమే. చిన్న ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటే మట్టి పైపొర ఆరుతుంది, కాండాలు కూడా బలపడతాయి.

మొదట వచ్చే రెండు ఆకులు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. అవి గింజలోని బీజదళాలు. తరువాత వచ్చేవి అసలు ఆకులు, పై అంచున చిన్న రంపపు పళ్ళతో. అవి నాలుగు వచ్చాక గుంటకు ఒక్క మొలకనే ఉంచి, రెండోదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. అప్పటి నుంచి రెండు వారాలకోసారి ద్రవ ఎరువును చెప్పిన మోతాదులో నాలుగో వంతుకు పలుచన చేసి పోయండి.

విక్టోరియా డే తరువాత

కెనడా మైదానాల్లో తోటపని చేసేవారు మే నెలాఖరుకు ముందు వచ్చే విక్టోరియా డే అనే సెలవుదినం దాకా లేత మొక్కల్ని బయట నాటరు. ఆ మాట మనమూ పాటిద్దాం. సస్కటూన్ చలికి పుట్టిన మొక్కే అయినా, ఇంట్లో పుట్టిన నారుకు ఎండా తెలియదు, గాలీ తెలియదు. మొదటి రోజు నీడలో ఒక గంట, మరునాడు రెండు గంటలు, ఉదయపు ఎండ కాసేపు, ఇలా పన్నెండు పద్నాలుగు రోజుల్లో పూర్తి ఎండకు తీసుకురండి. ఒక్క మధ్యాహ్నపు ఎండకు ఆకులు తెల్లబారి కాలిపోవడం చూశాను. ఆ మొక్కలు కోలుకోవడానికి నెల పట్టింది.

తరువాత లీటరు మట్టి పట్టే కుండీల్లోకి మార్చండి. మొదటి వేసవిలో జానెడు నుంచి మూరెడు పెరుగుతాయి. పైకి పెరగలేదని ఎరువు కుమ్మరించకండి. మొదటి ఏడాది శక్తి అంతా వేరుకే పోతుంది. పైగా నత్రజని ఎక్కువైతే లేత కొమ్మలు విపరీతంగా వచ్చి ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులుకు లోబడతాయి. కొమ్మ కొస నల్లగా మాడి, గొర్రెల కాపరి కర్రలా వంగిపోతే అదే. కనిపించిన చోటుకు జానెడు కిందికి కత్తిరించి, కత్తిని స్పిరిట్‌తో తుడవండి.

పెరట్లో నాటేవారు ఆగస్టు నెల మధ్యకు ముందే నాటండి, వేర్లు పట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల ఉంటే చాలు. మైదానాల నేల కొంచెం క్షారగుణం ఉన్నదే, సస్కటూన్‌కు అడ్డు లేదు. బ్లూబెర్రీకి అదే నేల అసలు పనికిరాదు. మొక్కకూ మొక్కకూ మధ్య మీటరున్నర దూరం. ఒక్క మొక్క పెట్టినా కాయలు కాస్తాయి, జత అవసరం లేదు. జూనిపర్ పొదలున్న చోటికి మాత్రం దూరంగా నాటండి. ఒక రకం తుప్పు తెగులు బూజు సగం జీవితం జూనిపర్ మీద, సగం సస్కటూన్ మీద గడుపుతుంది.

మొదటి చలికాలమే గండం. కుండీలో ఉంచిన మొక్క నేలలోని మొక్కలా చలిని తట్టుకోలేదు. వేర్లు కాండం అంత గట్టివి కావు, నేల వాటిని కాపాడుతుంది. కుండీకి నాలుగు వైపులా చలిగాలి. నేను ఒక ఏడాది పదకొండు కుండీలను బాల్కనీలో వరసగా వదిలేసి, వసంతంలో పదకొండింటినీ పోగొట్టుకున్నాను. కాండం గీకి చూస్తే లోపల పచ్చగానే ఉంది, వేర్లు మాత్రం నల్లగా, మెత్తగా చేతికి ఊడివచ్చాయి. కాబట్టి కుండీలను అంచు దాకా నేలలో పాతండి. పెరడు లేకపోతే వేడి చేయని గ్యారేజీలో గుంపుగా చేర్చి, చుట్టూ పాత దుప్పట్లు చుట్టి, నెలకోసారి గుప్పెడు మంచు ఆ కుండీల్లో వేయండి. అదే నీరు.

నేలలో ఉన్నవాటికి ఆకు రాలాక జానెడు మందాన ఎండుటాకులు కప్పండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలండి. మంచు కింద సొరంగాలు తవ్వుకుంటూ వచ్చే పొట్టి తోక ఎలుకలు మొదలు చుట్టూ బెరడు కొరికేస్తాయి. కుందేళ్ళు మంచు మీద నిలబడి పైకొమ్మల్ని కొరుకుతాయి. అందువల్ల సన్న రంధ్రాల ఇనుప జాలీని గొట్టంలా చుట్టి, అడుగును నేలలోకి నాలుగు వేళ్ళు దింపి, పైకి మీటరు ఎత్తు ఉండేలా నిలబెట్టండి. మీ ప్రాంతంలో మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో చూసుకుని దానికి పైన కనీసం అర మీటరు ఉండాలి.

ఇదే దారిలో మరికొన్ని

ఒకటి పట్టుబడ్డాక మిగిలిన అడవి పండ్లూ పెంచాలనిపిస్తుంది. చోక్‌చెర్రీ టెంకకు సస్కటూన్ లెక్కే, నాలుగైదు నెలల తడి చలి. టెంకను పగలగొట్టవద్దు. బఫెలోబెర్రీ గింజకు రెండు మూడు నెలల చలి చాలు గానీ పైపొర గట్టిది, ముందుగా గరుకు కాగితం మీద కాస్త రుద్దండి. వీటిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. అయిదారు మొక్కలైనా పెంచితే తప్ప జత కుదురుతుందన్న నమ్మకం లేదు. వేర్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, కాబట్టి ఎరువు అక్కర లేదు. ఈ పండు మంచు పడ్డాక కోస్తే పులుపులో కాస్త తీపి వస్తుంది. మా ఇంట్లో గుప్పెడు వేసి పప్పు చేస్తాం, వాక్కాయ పప్పును గుర్తుచేసే వగరు పులుపు.

హైబుష్ క్రాన్‌బెర్రీ ఓపికకు పరీక్ష. పేరులో క్రాన్‌బెర్రీ ఉన్నా ఇది వైబర్నమ్ జాతి పొద. దీని గింజకు నిద్రలు రెండు. ముందు రెండు మూడు నెలలు వెచ్చగా ఉంటే వేరు వస్తుంది, ఆ తరువాత చలి పడితేనే పైమొలక వస్తుంది. ఫ్రిజ్‌లో నేరుగా పెడితే ఏమీ జరగదు. శరదృతువులో బయట విత్తితే మరుసటి వేసవిలో మట్టి కింద వేరు, ఆ పై ఏడాది వసంతంలో మొలక. ఏడాదిన్నర పాటు ఖాళీగా కనిపించే కుండీకి నీళ్ళు పోయగలిగినవారికే ఇది.

వెంటనే ఫలితం కావాలనుకునే పిల్లల కోసం హాస్కాప్ అనే నీలిరంగు పండ్ల పొద ఉంది. దాని సన్నటి గింజలు చలి లేకుండానే, మట్టి పైన చల్లితే వారాల్లో మొలుస్తాయి. సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం ఈ పండు మీద ఏళ్ళ తరబడి పనిచేసి మంచి రకాలను విడుదల చేసింది. వేర్వేరు రకాల మొక్కలు పక్కపక్కన ఉంటేనే కాపు.

మూడో ఏడు నుంచి

సస్కటూన్ గింజ మొక్కలు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ళలో పూస్తాయి. తల్లి మొక్కను చాలావరకు పోలి ఉంటాయి కాబట్టి, రుచి చూసి ఎంచుకున్న పొద నుంచి గింజ తీసుకోవడం వృథా పోదు. పూత మే మొదటి పక్షంలో వస్తుంది, అయిదు సన్నటి తెల్ల రేకులు, ఆకులు ఇంకా పూర్తిగా విప్పుకోకముందే పొద నిండా. అప్పటికి రాత్రి మంచు ముప్పు పోదు. మొగ్గ చలిని తట్టుకుంటుంది గానీ విచ్చిన పువ్వు సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పోతే మాడిపోతుంది. పువ్వు మధ్యలో ఉండే పచ్చటి బొడిపె నల్లబడితే ఆ కాయ లేనట్టే.

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆగిపోయిన సాయంత్రాల్లో జాగ్రత్త పడండి. చీకటి పడకముందే పొద మొదట్లో నీళ్ళు పోయండి, తడి నేల రాత్రంతా వేడిని వదులుతుంది. చుట్టూ నాలుగు కర్రలు పాతి, పాత నూలు చీర ఒకటి నేల దాకా జారేలా కప్పండి. ప్లాస్టిక్ షీటు వద్దు, అది తగిలిన చోటల్లా పువ్వు మాడుతుంది. సూర్యుడు పైకి వచ్చి గాలి సున్నా దాటగానే చీర తీసేయండి. తేనెటీగలు ఆ వేళకే వస్తాయి.